రోడియో అంటే రేడియో కాదు

హ్యూస్టన్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కాల్‌లో మా మేనేజర్ "ఇది నా మొదటి రోడియో కాదులే" అన్నాడు. నాకు రేడియో అని వినిపించింది. ఇదివరకు రేడియోలో పనిచేసి వచ్చాడేమో అనుకుని ఊరుకున్నా. ఇలాంటివి బోలెడు చూశానని చెప్పడానికి ఇక్కడ అలా అంటారట.

ఫిబ్రవరి చివర్లో ఒక శుక్రవారం ఆఫీసుకు వెళ్తే, మన అకౌంట్స్ ఆవిడతో సహా అందరూ బూట్లు, టోపీల్లో కనిపించారు. గో టెక్సన్ డే! రోడియోకి ముందు ఊరంతా కౌబాయ్ వేషం వేసే రోజట. 1932లో మొదలైన పశువుల ప్రదర్శన, తర్వాత దానికి తోడైన రోడియో, అంటే కౌబాయ్‌ల పందేలు, మార్చిలో దాదాపు మూడు వారాలు సాగుతాయి. వాటికోసం చుట్టుపక్కల కౌంటీల నుంచి గుర్రాల మీద, బళ్ళ మీద రోజుల తరబడి ప్రయాణం చేసి వస్తారు. 1952 నుంచి ఇదే ఆనవాయితీ.

పక్క సీట్లో కూర్చునే మిత్రుడిది మెక్సికోలోని మాంటెర్రే. టోపీ పెట్టుకోలేదేమని అడిగితే నవ్వాడు. "ఈ మాటే మా స్పానిష్‌ది. రోదెయో అని పలకాలి. రోదెయార్ అంటే చుట్టుముట్టడం."

అప్పట్లో మేత బీళ్ళకు కంచెలు ఉండేవి కావు. నలుగురి పశువులూ కలిసిపోయేవి. వాకెరోలు, అంటే గుర్రమెక్కిన పసులకాపరులు, వాటిని చుట్టుముట్టి ఒక్కచోటికి తోలేవాళ్ళు. ముద్రలు చూసి ఎవరివి వాళ్ళకు విడదీసేవాళ్ళు. దూడకు తల్లి మీదున్న ముద్రే వాత పెట్టేవాళ్ళు. ఆ పని రోడియో. పందేలు తర్వాత వచ్చాయి. మొదటిది 1883లో మా ఊళ్ళోనే జరిగిందని టెక్సస్‌లోని పేకోస్ వాళ్ళంటారు, 1888 నుంచి ఏటా ఆగకుండా సాగుతున్న మాదే పాతదని అరిజోనాలోని ప్రెస్కాట్ వాళ్ళంటారు. ఇప్పుడు ఎద్దు మీద ఒంటిచేత్తో పట్టుకుని 8 సెకన్లు పడిపోకుండా కూర్చుంటేనే లెక్క.

పశువుల మీదికి విసిరే ఉచ్చుతాళ్ళు లారియట్, లాసో, పసులకాపరి బకరూ... కౌబాయ్ భాషలో సగం స్పానిష్‌దేనని మావాడికి గర్వం. నేనూ తగ్గలేదు. రోడియోకి మూలం లాటిన్‌లో చక్రమనే మాట, రోటా. మన రథం దానికి దాయాదే!

"స్పానిష్‌లో దానికి ఇంకో అర్థం కూడా ఉంది," అన్నాడు. "సూటిగా చెప్పకుండా చుట్టూ తిప్పడం." డొంకతిరుగుడన్నమాట.

మొన్న మేనేజర్‌ని నా గ్రీన్‌కార్డు ఫైలు సంగతి అడిగా. బడ్జెట్టు, లాయర్లు, వచ్చే క్వార్టరు... పావుగంట చెప్పాడు. మధ్యలో చాట్ మోగింది. పక్క సీటు నుంచి ఒక్కటే మాట: "రోదెయో."