ఎడమ పాదం, క్లచ్ లేని లారీ

జారింది నడుములో డిస్కు, పడిపోయింది పాదం. నడుములో నాలుగు, ఐదో వెన్నుపూసల మధ్య (ఎల్4-ఎల్5) నరం నలిగితే బొటనవేలు, పాదం పైకి లేవవు. కిందికి తొక్కే బలం మాత్రం చాలామందికి మిగులుతుంది. మోసం అక్కడే ఉంది. క్లచ్ తొక్కగలుగుతున్నాను కదా అని మూడు వారాలు బండి నడిపాను. అప్పటికే చెప్పు కాల్నుంచి జారిపోతోంది, వేళ్లు గడపకు తగులుతున్నాయి. "ఏందబ్బా, కాలీడుస్తా ఉండావు" అని మా ఇంటామె రెండుసార్లు అనింది. నేనే లెక్కపెట్టలేదు.

పలమనేరులో టమోటా ఎత్తుకుని చెన్నై కోయంబేడు మార్కెట్టుకు బయల్దేరిన రాత్రి అది. మొగిలి ఘాటు దిగే ముందు ఐదో గేరు నుంచి నాలుగుకు దించబోయాను. లివరు న్యూట్రల్‌కు వచ్చింది. గేరు వేయడానికి క్లచ్ రెండోసారి తొక్కబోతే పాదం లేవలేదు, వేళ్లు పెడల్ కింద ఇరుక్కున్నాయి. క్లచ్ లేకుండా గేరు పడక గరగరమంటోంది. న్యూట్రల్‌లో ఇంజిను పట్టు ఉండదు, ఇంజిను పొగ దారి మూసి బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్నా లేనట్టే. లోడు బండి దానంతటది వేగం అందుకుంటోంది. ఆ భయంలో బ్రేకును పంపు కొట్టి ఉంటే ఇది రాసేవాణ్ని కాదు. కొట్టిన ప్రతిసారీ ట్యాంకులో గాలి ఖర్చవుతుంది, గాలి మీటరు ముల్లు దిగేకొద్దీ బ్రేకు బలమూ దిగుతుంది. ఒకటే పట్టున తొక్కి, బండి నిలిచాక పార్కింగ్ బ్రేకు లాగాను. క్లీనరు పిల్లోడు దూకి చక్రాల కింద రాళ్లు పెట్టొచ్చాడు. టార్చి వేసి, "అన్నా, నీ కాలెట్లుందో చూడు" అన్నాడు. పాదం పెడల్ కింద అడ్డంగా మెలిపడి ఉంది. నాకు తెలియనే లేదు. తెల్లారేదాకా క్యాబిన్‌లోనే కూర్చున్నాం. వాడు కాణిపాకం వినాయకుడికి మొక్కుతూనే ఉన్నాడు.

స్కానింగు, ఆపరేషను, కుట్లు అందరికీ ఉండేవే. మరిచిపోలేనిది ఒక ప్రైవేటు డాక్టరు మాట. ఫిలిం వెలుతురుకు పట్టి చూస్తూ, "లారీ సంగతి మరిచిపో, బడ్డీ కొట్టు పెట్టుకో" అన్నాడు. నా ముఖం కూడా చూడలేదు. నరం కోలుకోవడానికి నెలలు పడుతుందనీ, ఈలోగా పాదం పడిపోకుండా పట్టీ ఉంటుందనీ అతను చెప్పలేదు. ఆ పట్టీ తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో కొలతలు తీసుకుని చేసిచ్చారు. మడమ నుంచి పిక్క దాకా ఎల్ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ పట్టీ అది. దాన్ని వేసుకోవాలంటే బూటు ఒక సైజు పెద్దది కొనాలి, చెప్పులతో కుదరదు. అక్కడ వ్యాయామం నేర్పిన అమ్మాయికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా తెల్లారనీ అనుకోవద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి.

తిరిగి స్టీరింగు పట్టింది ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) బండితో. క్లచ్ పెడల్ లేదంటే క్లచ్ ప్లేటు కూడా లేదనుకుంటారు చాలామంది. ప్లేటు ఉంటుంది, మామూలు గేర్‌బాక్సే ఉంటుంది. మన కాలు చేసే పని గాలితో నడిచే యాక్చుయేటరు చేస్తుంది, ఎప్పుడు చేయాలో కంప్యూటరు చెబుతుంది. వోల్వో ఐ-షిఫ్ట్ 12 గేర్లదీ ఇదే పద్ధతి. క్లచ్ ప్లేటు బదులు నూనెతో ఇంజిను బలం అందించే టార్క్ కన్వర్టరు ఉన్న అసలు ఆటోమేటిక్ వేరు. అందుకే ఎత్తులో ట్రాఫిక్ ఆగినప్పుడు యాక్సిలరేటరుతో బండిని నిలబెట్టకూడదు, ప్లేటు కాలి వాసనొస్తుంది. బ్రేకు తొక్కి ఆపాలి. పొద్దున స్టార్టు చేయగానే గేరు పడకపోతే కంగారు పడొద్దు, ముందు గాలి నిండనివ్వాలి. ఘాటు దిగే ముందు మాన్యువల్ మోడ్‌కు మార్చి చిన్న గేరు మనమే పెట్టుకోవాలి. లేకపోతే వేగం చూసి అది పై గేరుకు పోవచ్చు.

మొదటి పది రోజులు అలవాటే శత్రువు. గేరు మారే శబ్దం వినబడగానే ఎడమ కాలు క్లచ్ కోసం పోయి బ్రేకు మీద పడుతుంది. నాకు రెండుసార్లు అలా పడింది, వెనక బండి హారన్ ఇంకా చెవిలోనే ఉంది. ఎడమ పాదాన్ని సీటు వైపు వెనక్కి లాగి పెట్టుకోండి. క్యాబిన్ ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బండి వైపు ముఖం పెట్టి బాగాలేని కాలు ముందు. దూకొద్దు.

ఇదంతా ఎడమ కాలు చెడ్డవాళ్లకే. కుడి పాదం లేవకపోతే ఏ ఆటోమేటిక్కూ పనికిరాదు, బ్రేకు ఆ పాదానిదే.

లైసెన్సు సంగతి. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి, దానికి డాక్టరు ఫారం 1ఏ అనే ఆరోగ్య సర్టిఫికెట్ ఇవ్వాలి. డ్రైవింగుకు అడ్డొచ్చే అవయవ లోపం ఉందా అని అందులో సూటిగా అడుగుతారు. ప్యాంటు కింద పట్టీ దాచి సంతకం చేయించుకోమని మా యార్డులో సలహాలిచ్చినవాళ్లున్నారు. రేపేదైనా జరిగితే వాళ్లెవరూ రారు. నేను పట్టీ చూపించి, మడమల మీద నడిచి చూపించాకే డాక్టరు సంతకం పెట్టాడు.

ఇప్పటికీ బండెక్కే ముందు మడమల మీద పదడుగులు నడుస్తాను. ఎడమ బొటనవేలు నేలకు తగిలిన రోజు తాళాలు ఓనరు బల్ల మీద పెట్టేస్తాను. మొదట్లో గొణిగేవాడు. ఇప్పుడు, "ఈ రోజు ఎన్నడుగులు?" అని తనే అడుగుతున్నాడు.