హిస్టెరోస్కోపీ అయింది, బాగానే ఉన్నాను

నెలల తరబడి పీరియడ్స్ మధ్యలో స్పాటింగ్. స్కానింగ్‌లో గర్భాశయం లోపలి పొర మందంగా ఉందన్నారు కానీ అది పాలిపో (లోపలి పొర నుంచి పెరిగే చిన్న కండ), ఫైబ్రాయిడో (గర్భాశయ కండరంలో పెరిగే గడ్డ) తేలలేదు. అందుకే హిస్టెరోస్కోపీ, అంటే గర్భాశయం లోపల కెమెరాతో చూసే పరీక్ష. పేరు వినగానే టెన్షన్. తీరా చూస్తే కోత లేదు, కుట్టు లేదు. 3 నుంచి 5 మిల్లీమీటర్ల సన్నటి గొట్టం, దానికో కెమెరా. యోని మార్గం నుంచి లోపలికి పంపి, సెలైన్‌తో గర్భాశయాన్ని కాస్త ఉబ్బిస్తారు. లేకపోతే గోడలు రెండూ ఆనుకునే ఉంటాయి, ఏమీ కనబడదు.

మత్తు ఇవ్వలేదు కాబట్టి స్క్రీన్ నేనూ చూశాను. గులాబీ రంగు గోడ, నీళ్లలో మెల్లగా ఊగుతున్న చిన్న కండ. "ఇదేనమ్మా మీ పాలిప్" అన్నారు డాక్టరుగారు. బుల్లి కత్తెరతో అక్కడికక్కడే తీసి బయాప్సీకి పంపారు.

అస్సలు నొప్పి ఉండదనే వాళ్ల మాట మాత్రం నమ్మకండి. సెలైన్ వెళ్తున్నప్పుడు పొత్తికడుపు గట్టిగానే పట్టేసింది. పెయిన్‌కిల్లర్ గురించి, మత్తు గురించి ముందే అడగండి.

పీరియడ్ అయిపోయిన కొద్ది రోజుల్లో చేస్తారు, అప్పుడు పొర పల్చగా ఉంటుంది. గర్భాశయం బయటివైపు పెరిగే ఫైబ్రాయిడ్లు దీనికి దొరకవు.

కొన్నాళ్లు రక్తపు మరకలు మామూలేనట. జ్వరం, దుర్వాసన, ఎక్కువ బ్లీడింగ్ ఉంటే వెంటనే ఫోన్ చేయమన్నారు. బయాప్సీ రిపోర్టు ఇంకా రావాలి.