పెరటి ఇల్లు పనులు: వాటం కుదిరింది, ముగ్గు పోశాం

శాన్ హోసేలో మా పెరట్లో అమ్మానాన్నల కోసం కట్టబోయే ఏడీయూ (అసలు ఇల్లు ఉన్న స్థలంలోనే కట్టుకునే రెండో చిన్న ఇల్లు) పని ఇంకా నేల దగ్గరే ఉంది. ఆరు వారాంతాలు గడిచాయి, గోడ ఎంతవరకు లేచిందని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. అయినా ఈ నేల పని సరిగ్గా కుదిరితేనే మిగతాదంతా కుదురుతుందని నాకు గట్టి నమ్మకం. అందుకే అంకెలతో సహా రాసి పెడుతున్నాను.

ఇల్లు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. 600 చదరపు అడుగులు వస్తుంది. కాలిఫోర్నియాలో 750 దాటకపోతే ఇంపాక్ట్ ఫీజులు (కొత్త కట్టడం వల్ల ఊరి వసతుల మీద పడే భారానికి వసూలు చేసేవి) ఉండవు కాబట్టి ఆ లోపలే ఆగాం. పక్కన, వెనక నాలుగేసి అడుగులు వదలాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ నాలుగడుగులు ఫెన్స్ నుంచి కాదు, స్థలం హద్దు నుంచి కొలవాలి. మా వెనక ఫెన్స్ హద్దు దాటి ఏడంగుళాలు అవతల ఉందని సర్వేయర్ వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు. ఫెన్స్‌ని నమ్మి కొలిచి ఉంటే మూడడుగుల అయిదంగుళాలే మిగిలేది.

మొదటి రెండు వారాంతాలు పాత పేటియో కాంక్రీట్ తీయడానికే సరిపోయాయి. 10 అడుగులు బై 12, మందం నాలుగంగుళాలు. చూడ్డానికి చిన్న ముక్కే, లెక్క వేస్తే 40 ఘనపుటడుగులు, బరువు సుమారు 6,000 పౌండ్లు! కాంక్రీట్‌కి విడిగా చిన్న డంప్‌స్టర్ (శిథిలాలు వేసే పెద్ద ఇనుప తొట్టి) తెప్పించండి. అందులో మట్టి, చెక్క కలిపితే తీసుకోరు. ఇంకో కిటుకు: అంచు కింద మట్టి తవ్వి, గడ్డపారతో పలకని ఒక్క అంగుళం పైకి లేపి పట్టుకుంటే సుత్తి దెబ్బకే పగులుతుంది. నేలకి ఆనుకుని ఉన్నప్పుడు అద్దెకి తెచ్చిన జాక్‌హామర్ కూడా తంటాలు పడింది.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి; నేల కింద పైపులు, తీగలు ఎక్కడున్నాయో ఆయా కంపెనీల చేత గుర్తు పెట్టించే నంబరు అది. తవ్వే చోటు చుట్టూ మనం తెల్ల పెయింట్ గీయాలి. ఫోన్ చేసిన రోజు కాకుండా రెండు పనిదినాలు ఆగాలి. వాళ్ళొచ్చి గుర్తులు పెడతారు: కరెంటుకి ఎరుపు, గ్యాస్‌కి పసుపు, నీళ్ళకి నీలం, మురుగుకి ఆకుపచ్చ. గుర్తుకి అటూ ఇటూ 24 అంగుళాల్లోపు యంత్రం పెట్టకూడదు, చేత్తోనే తవ్వాలి. మీటరు దాటి మన స్థలంలోకి వచ్చిన లైన్లకి మాత్రం వాళ్ళు గుర్తు పెట్టరు. ఆ సంగతి నేను స్ప్రింక్లర్ పైపు మీద పార దిగాక తెలుసుకున్నాను. వాల్వు ఎక్కడుందో దొరికేసరికి గొయ్యి నిండిపోయింది. పార పట్టుకునే ముందే వాల్వు వెతికి పెట్టుకోండి.

అసలు టెన్షన్ మురుగు పైపు దగ్గర. అడుగుకి పావంగుళం వాటం ఇవ్వాలి. మా ప్లాన్‌లో బాత్రూం దూరపు మూలన ఉంది. అక్కడి నుంచి క్లీనౌట్ (పాత మురుగు పైపుని శుభ్రం చేయడానికి ఉండే మూత, మా కొత్త పైపు కలిసేది అక్కడే) దాకా 64 అడుగులు, అంటే 16 అంగుళాల వాటం. పైపు ఇంటి దగ్గర నేలకి 14 అంగుళాల లోతులో మొదలవుతుంది. మొత్తం 30. క్లీనౌట్ దగ్గర పాత పైపు అడుగు 31 అంగుళాల లోతులో ఉంది. సరిపోయిందనుకుని వీడియో కాల్‌లో నాన్నకి చెప్పాను.

"నేల మట్టంగా ఉందని ఎవరు చెప్పార్రా? ముందు లెవెల్ పైపు పెట్టి చూడు" అన్నారు.

తెనాలిలో మా ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ పక్కన రోజంతా నిలబడిన మనిషి ఆయన. వంద అడుగుల పారదర్శకమైన పైపు చుట్ట కొన్నాను. నీళ్ళు నింపి ఒక కొస నా భార్య క్లీనౌట్ దగ్గర కర్రకి ఆనించి పట్టుకుంది, రెండోది నేను మూలన పట్టుకున్నాను. నీళ్ళు పైకీ కిందకీ ఊగుతున్నాయి. "బుడగ ఉందేమో చూడు, బుడగ ఉంటే లెవెల్ తప్పు చూపిస్తుంది" అన్నారు నాన్న ఫోన్లోంచి. వేలితో తట్టి బుడగలు పోగొట్టి, నీళ్ళు నిలిచాక కొలిస్తే ఆ మూల అయిదంగుళాలు పల్లం. అంటే 35 కావాలి, ఉన్నది 31.

మురుగుని పైకి తోడే పంపు పెట్టొచ్చు. కానీ కరెంటు పోయిన రోజు అమ్మానాన్నలకి బాత్రూం పనిచేయకుండా పోవడం నాకు ఇష్టం లేదు. ప్లాన్‌ని అద్దంలో చూసినట్టు తిప్పించాం. ఇప్పుడు బాత్రూం 40 అడుగుల దూరంలో ఉంది, వాటం పది అంగుళాలు, అక్కడ పల్లం మూడు. మొత్తం 27, ఇంకా నాలుగంగుళాలు మిగిలాయి. ప్లాన్ ఇంకా సిటీకి ఇవ్వలేదు కాబట్టి డ్రాఫ్ట్స్‌మన్ ఫీజు తప్ప నష్టం లేదు.

మట్టి మాత్రం అచ్చం మన నల్లరేగడే. ఎండకి వేలు పట్టేంత నెర్రెలు, తడిస్తే చెప్పుకి అంటి వదలదు. ఉబ్బి కుంచించుకుపోయే నేల కాబట్టి పునాది లోతు సాయిల్ రిపోర్ట్ చూశాకే తేలుస్తామని ఇంజనీర్ అన్నారు.

నిన్న ముగ్గు పోశాం. మూలమట్టానికి 3-4-5 లెక్క (భుజాలు 3, 4 అయితే కర్ణం 5 రావాలి) పెట్టి, తర్వాత కర్ణాలు రెండూ కొలిచాం. 36 అడుగుల మీద ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ రావాలి. మొదట అంగుళంన్నర తేడా వచ్చింది. మేకు జరిపి, నాలుగోసారికి రెండూ కలిశాయి. 811 టికెట్ 28 రోజులే చెల్లుతుంది. ట్రెంచ్ తవ్వేవాళ్ళు అంతకంటే ఆలస్యంగా వస్తారు కాబట్టి సోమవారం రెన్యూ చేయించాలి. ఈలోగా కరివేపాకు కుండీని ముగ్గు బయటికి జరపాలి.