సింగిల్ మోడ్ ఫైబర్‌లోకి లేజర్: రెండు అద్దాలు, నాలుగు స్క్రూలు

హీలియం నియాన్ లేజర్ నుంచి బయటికొచ్చే ఎర్ర బీమ్ మందం సుమారు 0.8 మి.మీ. దాన్ని ఎక్కించాల్సిన సింగిల్ మోడ్ ఫైబర్‌లో (కాంతిని ఒకే రూపంలో, అంటే ఒకే మోడ్‌లో నడిపించే సన్నటి గాజు దారం) కాంతి నిలిచే చోటు, అంటే మోడ్ ఫీల్డ్ వ్యాసం, 4.3 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో ఇంచుమించు పదిహేనో వంతు. చుక్క అక్కడ పడినంత మాత్రాన సరిపోదు. దాని సైజు ఆ మోడ్ సైజుకు కుదరాలి, బీమ్ తిన్నగా లోపలికి దూరాలి. ల్యాబ్‌లో కొత్తవాళ్లు రోజంతా స్క్రూలు తిప్పినా లేజర్ కాంతిలో 5 శాతమే ఫైబర్‌లోకి ఎక్కించి ఆగిపోయేది నేర్పు లేక కాదు, వరస తెలియక.

ముందు ఫైబర్ సంగతి. ఇంటర్నెట్ కనెక్షన్లకు వాడే పసుపు ప్యాచ్‌కార్డ్ సింగిల్ మోడే, కానీ 1310, 1550 నానోమీటర్ల దగ్గర. దాని కోర్, అంటే కాంతి నడిచే మధ్య భాగం, 8 మైక్రాన్ల పైమాటే. 633 నానోమీటర్ల ఎర్ర కాంతికి అందులో చాలా మోడ్‌లు పడతాయి. ఎక్కించడం సులువు, బయటికొచ్చే కాంతిని కొలిచే పవర్ మీటర్ కూడా మంచి అంకె చూపిస్తుంది. అవతలి కొన ముందు తెల్ల కాగితం పెడితే అసలు విషయం తెలుస్తుంది: గుండ్రటి చుక్క ఉండాల్సిన చోట రెండు మూడు ముక్కలుగా చీలిన మచ్చ కనిపిస్తుంది. ఫైబర్‌ను వేలితో కదిపితే ఆ ముక్కలు రూపం మార్చుకుంటాయి. ఏ తరంగదైర్ఘ్యం దాటాక ఫైబర్‌లో ఒకే మోడ్ నిలుస్తుందో ఆ హద్దును కటాఫ్ అంటారు. 633కి కటాఫ్ 500, 600 నానోమీటర్ల మధ్య ఉన్న ఫైబర్ తీసుకోవాలి. కటాఫ్ మరీ తక్కువైతే చిన్న వంపుకే కాంతి కారిపోతుంది.

బీమ్‌ను అంత చిన్న చుక్కగా కుదించే లెన్స్ లెక్క చిన్నదే. బీమ్ వ్యాసాన్ని మోడ్ ఫీల్డ్ వ్యాసంతో, ఆ వచ్చినదాన్ని 3.14తో గుణించి, తరంగదైర్ఘ్యానికి నాలుగు రెట్లతో భాగిస్తే కావలసిన ఫోకల్ లెంగ్త్ వస్తుంది. పై అంకెలకు 4.3 మి.మీ. వస్తుంది. బజారులో దొరికే 4.5 మి.మీ. ఆస్ఫెరిక్ లెన్స్ దీనికి చక్కగా సరిపోతుంది. బీమ్ మందాన్ని మాత్రం లెన్స్ పెట్టబోయే చోటే కొలవాలి. ఈ లేజర్ బీమ్ మీటరు దూరం పోయేసరికి 1.3 మి.మీ. అవుతుంది. అక్కడ 4.5 లెన్స్ పెడితే చుక్క మరీ చిన్నదై దాదాపు 16 శాతం పోతుంది. అయినా సైజు తప్పు పెద్ద శత్రువు కాదు. చుక్క 20 శాతం పెద్దదైతే పోయేది 3 శాతమే, అంతే చిన్నదైతే 5 శాతం. అదే చుక్క ఒక్క మైక్రాన్ పక్కకు జరిగితే ఐదో వంతు కాంతి పోతుంది. శ్రద్ధ ఎక్కడ పెట్టాలో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

ఒక్క మైక్రాన్ అంటే చేతికి ఎంత? 4.5 మి.మీ. లెన్స్‌తో చుక్క అంత జరగడానికి బీమ్ 0.22 మిల్లీరేడియన్లు తిరిగితే చాలు, అంటే అద్దం 0.11. అంగుళానికి 80 చుట్లున్న సన్న మర స్క్రూతో వచ్చే మామూలు అద్దం మౌంట్‌లో అది 5 డిగ్రీల తిప్పు. గడియారంలో నిమిషాల ముల్లు నిమిషానికి తిరిగేదే 6 డిగ్రీలు. అందుకే స్క్రూను వేళ్లతో బిగించి పట్టుకోకూడదు. హెక్స్ కీ పెట్టి దాని పొడవాటి చేతిని కొస దగ్గర నెమ్మదిగా నెట్టాలి, చేయి తీశాక మీటర్ చూడాలి. ముట్టుకున్నప్పుడు కనిపించే అంకె నిజం కాదు.

బీమ్ దారిలో రెండు అద్దాలు ఉండాలి. ఒక్కో అద్దానికి బీమ్‌ను అడ్డంగా జరిపే స్క్రూ ఒకటి, నిలువుగా జరిపేది ఒకటి ఉంటాయి. లేజర్ వైపుది ఒకటో అద్దం, ఫైబర్ వైపుది రెండో అద్దం అనుకుందాం. వాటి మధ్య 30 సెం.మీ. ఎడం ఉంటే పని తేలిక. ఇప్పుడు మొదటి కాంతిని ముందు నుంచి వెతక్కండి, వెనక నుంచి వెతకండి. ఫైబర్ అవతలి కొనకు కేబుల్ పనివాళ్లు వాడే ఎర్ర ఫాల్ట్ లొకేటర్ పెన్ను తగిలిస్తే, దాని 650 నానోమీటర్ల కాంతి మన లెన్స్ గుండా బయటికొస్తుంది. ఆ బీమ్ దగ్గరా దూరంలోనూ ఒకే మందంగా కనిపించేలా లెన్స్‌కీ ఫైబర్‌కీ మధ్య దూరం సరిచేయండి. ఫోకస్ చాలావరకు అక్కడే కుదిరిపోతుంది. తర్వాత రెండు బీమ్‌లనూ ఒకే దారిన పెట్టాలి. ఒకటో అద్దాన్ని తిప్పి లేజర్ చుక్కను రెండో అద్దం మీద పెన్ను చుక్కతో కలపండి. రెండో అద్దాన్ని తిప్పి పెన్ను చుక్కను ఒకటో అద్దం మీద లేజర్ చుక్కతో కలపండి. ఇలా నాలుగైదు సార్లు చేశాక పెన్ను తీసి పవర్ మీటర్ పెడితే ఎంతో కొంత కాంతి తప్పక కనిపిస్తుంది. పెద్ద పవర్ లేజర్ అయితే పెన్ను తీయకుండా పవర్ పెంచొద్దు, కాంతి లోపలికి ఎక్కి పెన్నులోని డయోడ్‌ను కాల్చేస్తుంది.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. లెన్స్ దగ్గర బీమ్ కోణం మారితే ఫైబర్ ముఖం మీద చుక్క జరుగుతుంది. బీమ్ కోణం మారకుండా పక్కకు జరిగితే చుక్క కదలదు, లోపలికి దూరే కోణం మారుతుంది. ఒక్క అద్దాన్నే తిప్పి గరిష్ఠానికి తెస్తే చుక్క కోర్ మీద నిలిచిందని అర్థం, కోణం ఇంకా తప్పే ఉండొచ్చు. ఆ గరిష్ఠాన్ని నమ్మి చాలామంది అక్కడే ఆగిపోతారు. కాబట్టి దాన్ని కావాలనే చెడగొట్టాలి. మీటర్ 0.30 మిల్లీవాట్లు చూపిస్తుంటే, ఒకటో అద్దం అడ్డ స్క్రూను ఒక వైపు తిప్పి 0.20కి దించండి. రెండో అద్దం అడ్డ స్క్రూతో మళ్లీ పైకి తెండి. 0.34 వచ్చిందా, అదే వైపు సాగండి. 0.27 దగ్గరే ఆగిందా, రెండో వైపు వెళ్లండి. అడ్డం పూర్తయ్యాక నిలువు, నిలువు అయ్యాక ఫోకస్, మళ్లీ అడ్డం. అడ్డం, నిలువు స్క్రూలను ఒకేసారి ముట్టుకుంటే దారి తప్పుతారు. ఫోకస్ కాస్త ఓర్చుకుంటుంది, 23 మైక్రాన్లు తప్పితే గానీ ఐదో వంతు పోదు.

అద్దాలను ఎంత తిప్పినా 1, 2 శాతం దాటకపోతే ఆ కాంతి కోర్‌లోది కాకపోవచ్చు. కోర్ చుట్టూ 125 మైక్రాన్ల వ్యాసమున్న గాజు పొర, అంటే క్లాడింగ్ ఉంది, పొట్టి ఫైబర్‌లో దానిలోకి దూరిన కాంతి కూడా కొంత అవతలికి చేరుతుంది. కాగితం మీద చుక్క చుట్టూ మచ్చలు మచ్చలుగా వలయం కనిపిస్తే అదే. ఆ వలయాన్ని పట్టించుకోకుండా మధ్యలోని నున్నటి చుక్క వెలుగును చూస్తూ తిప్పండి.

శుభ్రత గురించి గట్టిగానే చెప్పాలి. 1 మిల్లీవాటే అయినా అంత చిన్న చోట చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోవాట్ల తీవ్రత అవుతుంది. 50 మిల్లీవాట్ల దగ్గర ఫెరూల్ (కనెక్టర్‌లో ఫైబర్ కొనను పట్టి ఉంచే సన్న గొట్టం) ముఖం మీది దుమ్ము మాడి అంటుకుపోతుంది, తుడిచినా పోదు. కనెక్టర్ పెట్టే ప్రతిసారీ నూలు రాలని వైప్‌కు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టించి, ఒకే వైపుకు ఒక్కసారి తుడవండి. ఫైబర్ కొనను మైక్రోస్కోప్‌లో చూసేముందు లేజర్ ఆపేయండి. అలైన్‌మెంట్ 1 మిల్లీవాట్ దగ్గరే చేయండి. డయోడ్ లేజర్ అయితే, పవర్ తగ్గించడానికి కరెంట్ దించితే బీమ్ దిశ మారే ప్రమాదం ఉంది. కాంతి పోలరైజేషన్‌ను తిప్పే హాఫ్ వేవ్ ప్లేట్, ఒక పోలరైజేషన్‌ను మాత్రమే తిన్నగా పోనిచ్చే పోలరైజింగ్ క్యూబ్ రెండూ దారిలో ముందే పెట్టుకుని, ప్లేట్‌ను తిప్పి తగ్గించడం మేలు.

కోటింగ్ లేని ఫైబర్ రెండు ముఖాల దగ్గరా దాదాపు 4 శాతం చొప్పున కాంతి వెనక్కి పోతుంది కాబట్టి 92 శాతం దాటుతుందని ఆశ పెట్టుకోవద్దు. గుండ్రటి బీమ్‌కు 75 వస్తే చాలా మంచి పని. డయోడ్ లేజర్ బీమ్ కోలగా ఉంటుంది, ప్రిజం జత పెట్టి గుండ్రంగా చేయకపోతే 50 దగ్గరే తిరుగుతుంది. పైగా వెనక్కి వచ్చే ఆ 4 శాతం డయోడ్‌ను కలవరపెడుతుంది. దానికి కాంతిని ఒకే వైపు పోనిచ్చే ఐసోలేటర్ గానీ 8 డిగ్రీలు వాలుగా అరగదీసిన ఏపీసీ కనెక్టర్ గానీ ఉండాలి. ఏపీసీ నుంచి బీమ్ దాదాపు 4 డిగ్రీలు పక్కకు వాలి వస్తుంది, మౌంట్‌ను ఆ మేరకు వంచుకోవాలి.

చివరి అంకె రాసుకునేముందు ఏసీ వేసి అరగంట ఆగండి, అద్దాల పోస్టులు చల్లబడితే బీమ్ కదులుతుంది. తర్వాత లాక్ స్క్రూలు బిగించేటప్పుడు మీటర్ మీద కన్ను ఉంచండి. బిగింపుకు అద్దం కాస్త తిరుగుతుంది, పోయినదాన్ని రెండో అద్దంతో మళ్లీ సరిచేసుకోవాలి.