మట్టి గోడకు చెయ్యి ఆనించి

అమెరికాలోని న్యూ మెక్సికోలో శాంటా ఫే నుంచి టావోస్‌కు నది పక్క రోడ్డులో వెళ్తే గంటన్నర. మేం కొండ ఊళ్ల మీదుగా వెళ్లే హై రోడ్ పట్టాం. పిల్లలకు ఆ ఊళ్లలోని పాత మట్టి చర్చిలు చూపించాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

మొదట చిమాయోలో ఆగాం. 1816లో పూర్తయిన చిన్న చర్చి. పక్క గదిలో నేల మీద గుంట, అందులో మెత్తటి మట్టి. నయమవుతుందన్న నమ్మకంతో జనం దాన్ని చిటికెడు తీసుకెళ్తారు. దగ్గర్లోనే గోడకు వదిలేసి వెళ్లిన ఊతకర్రలు. "మన విభూతిలాగానా?" అన్నాడు బాబు. ఇంట్లో విభూతి పెడితే వెంటనే తుడిచేసుకునే పిల్లాడు!

అక్కడికి రెండడుగుల దూరంలో బాలయేసు గుడి. ఆ స్వామి రాత్రిళ్లు జనానికి సాయం చేస్తూ తిరిగి బూట్లు అరగదీసుకుంటాడట. అందుకని పసిపిల్లల బూట్లు తెచ్చి పెడతారు. వరసగా ఎన్నో జతలు. ఏ తల్లి ఏం మొక్కుకుందో అనుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను.

ట్రుచాస్ దాటి లాస్ ట్రంపాస్ చేరాం. 1751లో పన్నెండు కుటుంబాలు వచ్చి కట్టుకున్న ఊరు. చర్చికి తాళం వేసి ఉంది. అమ్మాయి గోడకు చెయ్యి ఆనించింది. మట్టిలో గడ్డిపరకలు ఎండకు మెరుస్తున్నాయి. "వానకు కరిగిపోదా?" అంది. కరుగుతుంది, ఊరివాళ్లే మళ్లీ పూస్తారు అన్నాను. దారిలో ఇంకా ముందు వచ్చే రాంచోస్ ఊరి చర్చికైతే ఏటా జూన్‌లో అందరూ కలిసి చేతులతో మట్టి మెత్తుతారని చెప్పాను.

"అమ్మమ్మ చెప్పిన ఇల్లు ఇలాగే ఉండేదా?"

పండక్కి గోడలు అలికిన సంగతి అమ్మ ఫోన్‌లో ఎన్నోసార్లు చెప్పింది. అమ్మాయి విననట్టే ఉండేది. ఇలాగే ఉండేది, కాకపోతే మనవాళ్లు మట్టిలో పేడ కూడా కలిపేవాళ్లు అన్నాను.

"నీకు వచ్చా?"

రాదన్నాను. ఆ ఇల్లు ఉన్నప్పుడు నేర్చుకోవాలనే తోచలేదు.

రాత్రి టావోస్‌లో హోటల్‌కి చేరేసరికి ఇండియాలో అమ్మ దగ్గర తెల్లవారింది. అమ్మాయి తనే ఫోన్ చేసింది. తడుముకుంటూ, తెలుగులోనే అడిగింది: "అమ్మమ్మా, గోడకి మట్టి ఎలా కలపాలి?"

"ముందు రాళ్లు ఏరెయ్యాలమ్మా," అంటూ మొదలుపెట్టింది అమ్మ.