రెండు మార్కుల నీలి గుర్రం

విజువల్ ఆర్ట్ సబ్జెక్టుతో నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) రాస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు మొదటి అటెంప్టులో పోయింది, రెండోసారి వచ్చింది. పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్, జేఆర్ఎఫ్ మాత్రం రాలేదు. కాబట్టి దీన్ని టాపర్ సలహాల్లా చదవకండి.

ప్యాటర్న్ మీకు తెలిసిందే. పేపర్ వన్‌లో 50, పేపర్ టూలో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, మూడు గంటలు, నెగటివ్ మార్కులు లేవు. పేపర్ వన్‌కి నేను ప్రీవియస్ పేపర్లు తప్ప ఏమీ చేయలేదు, దాని గురించి చెప్పడానికి కూడా ఏమీ లేదు.

నన్ను ముంచింది పాశ్చాత్య కళాచరిత్ర, అందులోనూ జర్మన్ ఎక్స్‌ప్రెషనిజం, అంటే కంటికి కనిపించినట్టు కాక లోపలి భావాన్ని రంగుల్లో చూపించే ధోరణి. అందులోని రెండు చిత్రకారుల బృందాలకి నోట్సులో రెండు గడులు గీసుకున్నాను. ఒకవైపు ది బ్రిడ్జ్: డ్రెస్డెన్, 1905, కిర్ష్‌నర్, హెకెల్. రెండోవైపు బ్లూ రైడర్: మ్యూనిక్, 1911, కాండిన్‌స్కీ, ఫ్రాంజ్ మార్క్. ఎక్కాల్లా బట్టీ పట్టాను. అయినా మాక్ టెస్టుల్లో వరసగా మూడుసార్లు ఫ్రాంజ్ మార్క్‌ని తీసుకెళ్లి డ్రెస్డెన్‌లో కూర్చోబెట్టాను. "పేరులోనే మార్క్ ఉంది కదరా, నీకు ఒక్కటీ రాదేంటి?" అన్నాడు మా రూమ్మేట్.

ఆ కసితో నోట్సు పక్కన పడేసి బొమ్మలే చూద్దామనుకున్నాను. ఫోన్‌లో చూస్తే అన్నీ వేలెడంత. జిరాక్స్ షాపుకెళ్లి ఏ3 సైజులో మార్క్ బొమ్మలవి నాలుగు కలర్ ప్రింట్లు తీయించాను: బ్లూ హార్స్ వన్, ఎల్లో కౌ, ద ఫాక్సెస్, ఫేట్ ఆఫ్ ద యానిమల్స్. షాపాయన మొదటి ప్రింటు చేతిలోకి తీసుకుని, "గుర్రం నీలంగా ఉందేంటి సార్?" అన్నాడు. బీఎఫ్ఏ, ఎంఎఫ్ఏ చేసినవాణ్ని, జవాబు రాలేదు. ఎక్స్‌ప్రెషనిజం అండీ అని ఏదో గొణిగి బయటపడ్డాను.

జవాబు మార్క్ ఉత్తరంలోనే దొరికింది. 1910 డిసెంబర్‌లో తోటి చిత్రకారుడు, స్నేహితుడు ఆగస్ట్ మాకేకి రాశాడు. ఆయన లెక్కలో నీలం పురుష తత్వం, కఠినం, ఆధ్యాత్మికం. పసుపు స్త్రీ తత్వం, మృదువు, సంతోషం. ఎరుపు పదార్థం, మొరటు, బరువు. మిగతా రెండు రంగులూ ఎదిరించి గెలవాల్సింది దాన్నే. ఈ ఆడ మగ పంపకం నాకు నచ్చదు, కానీ పరీక్షలో అడిగేది మన అభిప్రాయం కాదు. ఇంకో సంగతి, ఈయనకి గుర్రం ఒళ్లు తెలియక అలా వేయలేదు. జంతువుల శరీర నిర్మాణం మీద పాఠాలు చెప్పి సంపాదించుకున్న మనిషి. తెలిసి తెలిసి రంగు మార్చాడు, ఆ గుర్రానికి లోపల ఏముందో చూపించడానికి.

ఇది తెలిశాక ఎల్లో కౌ చూడండి. 1911 నాటిది, ఇప్పుడు న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది. పసుపు ఆవు వెనక కాళ్లు గాల్లోకి విసిరి గెంతుతుంటుంది, ఒంటి మీద నీలం మచ్చలు. అదే ఏడాది భార్య మరియాతో కలిసి కొత్త జీవితం మొదలుపెట్టాడని, ఈ బొమ్మ ఆ సంబరమేనని కొందరు చరిత్రకారులు చదువుతారు. నాకైతే కట్టు విప్పగానే చెంగున గెంతే తువ్వాయి గుర్తొచ్చింది. డేటు మళ్లీ మర్చిపోలేదు.

అసలు కిటుకు ఇక్కడుంది. ఎల్లో కౌ పక్కన 1913 నాటి ఫాక్సెస్ పెట్టండి. మొదటిదాంట్లో కొండలు, ఆవు వీపు అన్నీ గుండ్రటి వంపులు. రెండోదాంట్లో నక్కలు పగిలిన గాజు పెంకుల్లా ముక్కలుముక్కలుగా ఉంటాయి. మధ్యలో 1912లో మార్క్, మాకే పారిస్ వెళ్లి అక్కడి చిత్రకారుడు డెలోనేని కలిశారు. వస్తువుల్ని ముక్కలుగా విడగొట్టి చూపే క్యూబిజం, వేగాన్ని చూపే ఫ్యూచరిజం ఆ గీతల్లోకి వచ్చేశాయి. వంపులుంటే ముందు, పెంకులుంటే తర్వాత. కాలక్రమంలో అమర్చమనే బిట్లు నేను అప్పట్నుంచీ కళ్లతోనే చేశాను.

ఒక ఉచ్చు గురించి చెప్పాలి. బ్లూ హార్స్ వన్ మ్యూనిక్ లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది. లార్జ్ బ్లూ హార్సెస్ అమెరికాలో, మినియాపొలిస్ వాకర్ ఆర్ట్ సెంటర్‌లో ఉంది. 1913 నాటి టవర్ ఆఫ్ బ్లూ హార్సెస్ మాత్రం ఎక్కడా లేదు. నాజీలు 1937లో మ్యూనిక్‌లో 'భ్రష్ట కళ' పేరుతో పెట్టిన ప్రదర్శనలో దాన్నీ వేలాడదీశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెర్డన్ దగ్గర, 1916 మార్చి 4న, 36 ఏళ్లకే చనిపోయిన జర్మన్ సైనికుడు మార్క్ వేసిన బొమ్మ అది. మాజీ సైనికాధికారుల సంఘం అభ్యంతరం చెబితే తీసేశారు. తర్వాత నాజీ నాయకుడు గోరింగ్ చేతికి వెళ్లింది, 1945 నుంచి జాడ లేదు. మ్యూజియం పేరుతో జతపరచమంటే జాగ్రత్త.

మార్క్ స్నేహితులు, చిత్రకారులు కాండిన్‌స్కీ, పాల్ క్లే తర్వాత జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో చేరారు. 1922 డిసెంబర్‌లో కలకత్తాలో జరిగిన బౌహౌస్ ప్రదర్శనకి వాళ్ల బొమ్మలు వచ్చాయి, గగనేంద్రనాథ్ ఠాగూర్ బొమ్మలూ అక్కడే ఉన్నాయి. ఆధునిక భారతీయ కళ చదివేటప్పుడు ఈ లింకు పట్టుకోండి.

నాలుగో ప్రింటు సంగతి చెప్పలేదు కదూ. ఫేట్ ఆఫ్ ద యానిమల్స్‌లో కుడివైపు మూడో వంతు మసకబారి, గోధుమరంగులో వచ్చింది. ఇంక్ అయిపోయిందని షాపాయనతో గొడవేసుకున్నాను. ఆయన మెషీన్ తుడిచి మళ్లీ తీశాడు. మళ్లీ అంతే. రెండో కాపీకి డబ్బులు తీసుకోలేదు పాపం. నెల తర్వాత చదివాను: 1916లో గోడౌన్‌లో మంటలు అంటుకుని ఆ భాగం కాలిపోతే, 1919లో పాల్ క్లే బాగుచేశాడు. తను వేసిన భాగం తనదని తెలిసేలా కావాలనే మసక గోధుమరంగు వాడాడు. బాసెల్ మ్యూజియంలో ఆ బొమ్మ ఈరోజుకీ అలాగే ఉంది.

రెండో అటెంప్టు అడ్మిట్ కార్డు ప్రింటుకి వెళ్లినప్పుడు ఆ పాత డబ్బులు ఇచ్చి, మంటల కథ చెప్పి, సారీ అన్నాను. గుర్రం ఎందుకు నీలంగా ఉందో కూడా చెప్పబోయాను. ఆయన అది వినలేదు. "అయితే నా మెషీన్ బానే ఉందన్నమాట" అని పక్కవాళ్ల ఆధార్ కార్డు అందుకున్నాడు.