గొడుగులా తెరుచుకునే టెంట్: అనంతగిరి నుంచి లంబసింగి దాకా

జూన్, ఇంటి డాబా మీద

తిరిగేది ముగ్గురమే అయినా నలుగురి టెంట్ కొన్నాము. మనిషికి సుమారు రెండడుగుల వెడల్పు చొప్పున లెక్కకట్టి పెట్టె మీద ‘నలుగురికి’ అని రాస్తారు కాబట్టి, సంచులు కూడా లోపలే ఉంచుకోవాలనుకునేవారు తలల సంఖ్యకు ఒకటి కలుపుకొని కొనడం మేలు. త్వరగా నిలబడే టెంట్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. విసిరితే దానంతట అదే విచ్చుకునే రకానికి క్షణాలు చాలు గానీ, మడిచినప్పుడు అది పెద్ద వలయంగా మారి కారు డిక్కీలో సగం ఆక్రమిస్తుంది, పైగా మడిచే ఒడుపు తెలియకపోతే బయలుదేరే వేళ దానితో కుస్తీ తప్పదు. రెండో రకంలో కడ్డీలన్నీ నడినెత్తిన ఒక కీలుకు ముందే బిగించి ఉంటాయి, తాడు లాగితే గొడుగులా తెరుచుకుంటుంది. మేము తీసుకున్నది ఇదే. ఆ కీలు విరిగితే అడవిలో బాగుచేయడం కష్టమన్నది దీని బలహీనత, విడి కడ్డీల టెంట్ అయితే విరిగినచోట గొట్టం తొడిగి ఆ రాత్రి గడిపేయవచ్చు.

గుడ్డ ఎంత ఎత్తు నీటి స్తంభపు ఒత్తిడికి కారడం మొదలవుతుందో దాన్నిబట్టి నీటి నిరోధకతను మిల్లీమీటర్లలో చెబుతారు. మన వానలకు పై గుడ్డకు 2000 నుంచి 3000 ఉంటే సరిపోతుంది. మోకాలు ఆనించినచోట కింది తడి పైకి వస్తుంది కనుక అడుగు గుడ్డకు ఇంకా ఎక్కువ ఉండాలి. అయితే ఈ అంకెలకన్నా నేను ముందు చూసేవి రెండు: కుట్ల మీద లోపలివైపు టేపు అంతటా అతికించి ఉందా, పై గుడ్డ నేల దగ్గరిదాకా దిగుతుందా అన్నవి. త్వరగా నిలబడే టెంట్లలో చాలావాటికి పై గుడ్డ టోపీలా నెత్తి వరకే ఉంటుంది, అది నిలువు వానను ఆపుతుందే తప్ప ఏటవాలుగా కొట్టే జల్లును ఆపలేదు.

స్లాబులో మేకులు దిగవు కాబట్టి ఇసుక నింపిన బకెట్లకు తాళ్ళు కట్టి, చాలాసేపు పైపుతో నీళ్ళు కొట్టి చూశాము. కిటికీ మూల కుట్టు దగ్గర చెమ్మ కనిపించింది. మా టెంట్ గుడ్డకు ఉన్నది పాలీయురితేన్ పూత కాబట్టి దానికి తగిన జిగురే పూసి ఆరబెట్టాము, దాని మీద సిలికాన్ జిగురు సరిగా అంటుకోదు.

ఆగస్టు, అనంతగిరి

వికారాబాద్ దగ్గరి ఈ కొండల్లో, డబ్బు కట్టి ఉండే ఒక తోటలో దిగాము. అడవిలో ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేయడం కుదరదు, అనుమతి కావాలి. పై గుడ్డను ఇంటి దగ్గరే తగిలించి, అలాగే మడిచి తీసుకెళ్ళినందువల్ల వాన పడుతుండగానే వేసినా లోపలి గుడ్డ తడవలేదు. ఈ రకం టెంట్‌కు నిజమైన ప్రయోజనం అదే. చట్రం తెరవడానికి పట్టినది రెండు నిమిషాలైతే, తాళ్ళు బిగించడానికి మరో పావుగంట పట్టింది, ప్రకటనల్లో చెప్పే నిమిషంలో ఈ పావుగంట ఎప్పుడూ ఉండదు. కింద పరిచే బరకం టెంట్ అంచు దాటి బయటికి కనిపించకూడదు, కనిపిస్తే పై గుడ్డ నుంచి జారిన నీళ్ళన్నీ దాని మీద పడి నేరుగా మన వీపు కిందికే చేరతాయి. మిగిలిన అంచును లోపలికి మడిచి పెట్టాలి.

నవంబర్, గండికోట

పెన్నా లోయ అంచున ఉన్నదంతా రాయే. టెంట్‌తో పాటు వచ్చిన సన్నటి తీగ మేకులు రెండు దెబ్బలకే వంగిపోతాయి, గాలి మాత్రం ఆగదు. ఇక్కడ రెండు రాళ్ళ పద్ధతి బాగా పనిచేసింది. తాడు చివర కొబ్బరికాయంత రాయిని కట్టి నేల మీద ఉంచాలి, దానికి ముందు, అంటే టెంట్ వైపున, ఇద్దరు కలిసి దొర్లించగలిగేంత పెద్ద రాయిని తాడు మీదుగా పెట్టాలి. గాలి లాగినప్పుడు చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి ఆనుకొని బిగుసుకుంటుంది. పెద్ద రాయికే నేరుగా కట్టడం తేలికే గానీ, రాయి అంచు రాపిడికి తాడు తెగే ప్రమాదముంది. తలుపు గాలికి ఎదురుగా ఉండకుండా చూసుకొని, అంచుకు చాలా దూరంగానే వేశాము.

డిసెంబర్, లంబసింగి

తెల్లవారుజామున పై గుడ్డ లోపలివైపు నీటి బొట్లు వేలాడుతుంటే టెంట్ కారుతోందని చాలామంది అనుకుంటారు. అది ముగ్గురి ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీరైనది. రెండు పొరల టెంట్‌లో ఆ నీరు బయటి పొర వెంట కిందికి జారిపోతుంది, ఒంటి పొర టెంట్‌లోనైతే దుప్పట్లు తడుస్తాయి. చలి వేసినా పైన గాలి రంధ్రాలు తెరిచే ఉంచాలి. ఆ చలికి కుంపటి లోపల పెట్టుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది, కానీ బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మాలో ఒకరు అడిగారు, మిగిలిన ఇద్దరమూ ఒప్పుకోలేదు.

ఇంటికి వచ్చాక

తడి టెంట్‌ను సంచిలోనే వదిలేస్తే పూత జిగటగా మారి ముక్కవాసన పట్టి ఊడిపోతుంది. ఎండ కూడా గుడ్డను పాడుచేస్తుంది కనుక నీడలో, ఫ్యాను కింద ఆరబెడుతున్నాము. జిప్పుల్లో ఇరుక్కున్న ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో దులిపి, బిగువైన అసలు సంచిలో కాకుండా పాత దిండు గలీబులో వదులుగా పెడుతున్నాము. తీగ మేకుల స్థానంలో లావుపాటి అల్యూమినియం మేకులు తెప్పించడం ఇంకా మిగిలి ఉంది.